గాలం వేసేవాళ్ల మనసంతా కొర్రమీను పైనే!

తొలకరి కురిసి చెరువులోకి కొత్తనీరు దిగిందంటే చాలు, కట్ట మీద గాలాలు లేస్తాయి. పొద్దంతా దుక్కిలో ఉండి సాయంత్రం ఓ గంట కూర్చునే సన్నకారు రైతులు, బడి వదిలిన పిల్లలు, పట్నం నుంచి మోటారు సైకిలు మీద రీలు గాలంతో దిగే ఉద్యోగులు.. అందరి చూపూ నీటి మీది బెండు పైనే. ఏం చేప కోసం అని అడిగితే బొచ్చె అంటారు, రోహు అంటారు, వాలుగ అంటారు. ఏది పడినా సంతోషమేనంటారు. కానీ పక్కవాడి గాలానికి కొర్రమీను పడిందనుకోండి, అందరి కళ్లూ అటే తిరుగుతాయి. ఎంతుంటుంది, ఏం ఎర పెట్టావు, ఎక్కడ వేశావు అని ప్రశ్నల మీద ప్రశ్నలు. నాలుగు కిలోల బొచ్చె పడ్డా ఇంత సందడి ఉండదు.

కొరమేను, కొర్రమట్ట, కొర్రమీను.. ఊరిని బట్టి పేరు మారుతుంది. చేప మాత్రం ఒకటే. తల పాము తలలా ఉంటుంది, ఒళ్లు గుండ్రంగా, నల్లగా నిగనిగలాడుతూ, పక్కల చారలతో ఉంటుంది. దీని బంధువులు మరో రెండున్నాయి. బురద గుంటల్లో చిన్నసైజులో దొరికే మట్టగిడస ఒకటి, నదుల్లో, పెద్ద చెరువుల్లో బాగా పెరిగే పూమీను ఒకటి. ఈ మూడింటిలో గాలం వేసేవాళ్లకూ, తినేవాళ్లకూ ముద్దు కొర్రమీనే. తెలంగాణ ప్రభుత్వం దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం వారు ఉబ్బసానికి ఇచ్చే చేప మందులో నోట్లో వేసేది కూడా బతికున్న కొర్రమీను పిల్లనే. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. శాస్త్రీయంగా రుజువు కాలేదని వైద్యులు చెబుతూనే ఉన్నారు. జనం మాత్రం ఏటా క్యూ కడుతూనే ఉన్నారు.

ఎందుకంత మోజు?

మొదటి కారణం అందరికీ తెలిసిందే, ముళ్లు. రోహు, బొచ్చె, మోసుల్లో కండ మధ్య సన్నముళ్లు ఉంటాయి. పిల్లలకు పెట్టాలంటే తల్లి పక్కనే కూర్చుని ఏరి పెట్టాలి. కొర్రమీనులో ఆ బెడద లేదు. నడుమ వెన్నెముక తీసేస్తే మిగిలేదంతా కండే. బాలింతలకు, జబ్బుపడి లేచినవాళ్లకు పెట్టే చేపగా దీనికి ఊళ్లలో పేరుంది. అందుకే సంతలో తెల్లచేపల ధరకూ దీని ధరకూ పోలికే ఉండదు.

రెండోది, ఇది చావని చేప. దీని తలలో మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఒకటుంది. మిగతా చేపల్లా నీటిలోని ప్రాణవాయువు మీదే ఆధారపడదు. నిమిషాల కొద్దీ సమయం గడిచాక పైకొచ్చి ఓ గుక్క గాలి మింగి మళ్లీ అడుక్కి పోతుంది. ఒళ్లు తడి ఆరకుండా చూస్తే నీళ్లు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది. చెరువు ఎండితే బురదలోకి దూరి వానల దాకా కాచుకుంటుంది. వానరాత్రి గడ్డిలో పాక్కుంటూ ఒక కుంట నుంచి మరో కుంటకు పోతుంది. అమ్ముకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? మంచుగడ్డ ఖర్చు లేదు. పొద్దున పట్టిన చేపను సాయంత్రం సంతలో కదులుతుండగానే చూపించవచ్చు. బతికున్న చేపకు ఉన్న గిరాకీ చచ్చినదానికి ఉండదు.

మూడో కారణం గాలం పట్టేవాళ్లకు మాత్రమే తెలిసింది. కొర్రమీను వలకు లొంగే చేప కాదు. తామర, కలువ, నాచు, గుర్రపుడెక్క, తూటికాడ.. ఎక్కడ వల లాగలేమో అక్కడే దీని కాపురం. వల లాగితే అడుగున బురదలోకి దూరుతుంది, లేదా పైకి ఎగిరి దాటిపోతుంది. ఎంత పెద్ద వలవాడైనా ఆ గుర్రపుడెక్క చూసి వెనక్కి తగ్గాల్సిందే. అక్కడ పది రూపాయల గాలపు ముల్లు, పొడవాటి వెదురు కర్ర ఉన్న బక్క రైతే మొనగాడు. చెరువులో చేప మీద చిన్నవాడికి దక్కిన వాటా ఏదైనా ఉందంటే అది ఈ కలుపు నడుమ చేపే.

ఇక నాలుగోది ఆట. జెల్ల పడితే బెండు వణుకుతుంది. రోహు మెల్లగా లాగి చూస్తుంది. కొర్రమీను అలా కాదు, నీళ్లు 'డబుక్కు'మంటాయి, బెండు కనపడదు. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడు మళ్లీ మళ్లీ కట్ట మీదికి వస్తాడు, ఇంట్లో ఎంత తిట్టినా సరే.

మిగతా చేపల మాటేమిటి?

పిల్లల చేప జిలేబీ. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేప ఇప్పుడు లేని కుంట లేదు. అన్నం మెతుకు పెట్టినా పడుతుంది, వానపాము పెట్టినా పడుతుంది. గాలం నేర్చుకోవడానికి ఇది బడి లాంటిది. జెల్లలు రుచే గానీ రెక్కల ముళ్లతో జాగ్రత్త. ఇంగిలాయి ముల్లు గుచ్చితే మరీ మంట, చెయ్యి వాస్తుంది. పోటు పడితే తట్టుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగితే డాక్టరు దగ్గరికి పోవాలి.

బొచ్చె, రోహు బరువు చేపలు. ఆటకు బాగుంటాయి. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన పిండి ఉండలకు పడతాయి. ముందురోజు అదే చోట కాస్త తవుడు చల్లి అలవాటు చేస్తారు. అయితే ఇవి చాలా చెరువుల్లో మత్స్య సహకార సంఘాలు పిల్లలు వదిలి పెంచుకునే చేపలు. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను చెరువుల్లో వదిలే పథకం పెట్టింది. వాటి మీద బతికే కుటుంబాలున్నాయి. సంఘం వారిని అడగకుండా అలాంటి చెరువులో గాలం వేయడం తగవు తెచ్చుకోవడమే. కూరకని ఒకటి రెండు పడితే చూసీచూడనట్టు పోతారు గానీ, బుట్టలు నింపితే ఎవరూరుకుంటారు?

వాలుగ సంగతి వేరు. పెద్ద నోరు, పదునైన పళ్లు, రాత్రిపూట వేట. కాలువల్లో, నదుల్లో దీని కోసం తెల్లవార్లూ కూర్చునేవాళ్లున్నారు. దారం కొరికేస్తుందని ముల్లుకు పైన జానెడు తీగ కడతారు. ఇదివరకంతగా ఇప్పుడు దొరకడం లేదు. ప్రపంచవ్యాప్తంగా జీవజాతుల లెక్క చూసే ప్రకృతి సంరక్షణ సంస్థ వాలుగను ముప్పున్న జాతుల్లో చేర్చింది.

పట్టే తీరు

కొర్రమీను వేటలో సగం పని కళ్లతోనే. తెల్లవారుజామున, పొద్దు వాలాక నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు కట్ట మీద కూర్చుని చూస్తే ఎక్కడో ఒకచోట బుడగ లేచి చప్పుడవుతుంది. చేప గాలి మింగిన చోటు అదే. ఒక్కో చేప ఇంచుమించు ఒకే తావున తిరుగుతుంది కాబట్టి కాసేపటికి ఆ చుట్టుపక్కలే మళ్లీ లేస్తుంది. తెలిసినవాడు గాలాన్ని ఆ బుడగ మీద వేయడు, నాలుగు మూరల అవతల వేసి ఎరను మెల్లగా ఆకుల మీదుగా ఎగిరెగిరిస్తూ లాక్కొస్తాడు. తామరాకు మీంచి కప్ప నీళ్లలోకి దూకినట్టుండాలి. అది పట్టగానే లాగకూడదు. ముందు నోట కరిచి, పక్కకు తిరిగి, అప్పుడు మింగుతుంది. మనసులో మూడు నాలుగు లెక్కబెట్టి ఆపైన గట్టిగా లాగాలి. లాగాక మెతక చూపితే కలుపులోకి దూరి దారం చుట్టేస్తుంది. అందుకే దీనికి మొద్దు దారం, పెద్ద ముల్లు, బిగువైన కర్ర కావాలి.

ఎరగా కప్పపిల్లను గుచ్చడం పాత అలవాటు. దీని మీద ఒక మాట చెప్పాలి. కప్పలు మన పొలంలో పురుగులు తినే జీతం లేని కూలీలు. కప్ప కాళ్ల ఎగుమతి కోసం ఊళ్లకు ఊళ్లు కప్పలు పట్టి అమ్ముకున్న కాలంలో ఆ నష్టం గ్రహించే 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. ఎరకు కప్పే కావాలని లేదు. పక్కెలు, చిన్న జిలేబీ పిల్లలు బ్రహ్మాండంగా పనికొస్తాయి. పట్నాల్లో రబ్బరు కప్పలు కూడా దొరుకుతున్నాయి. ఒకటి కొంటే చాలాకాలం వస్తుంది, పైగా కలుపులో చిక్కుకోదు.

రాత్రిపూట గట్టున పుల్ల గుచ్చి, బతికున్న చిన్నచేపను నీటి మట్టానికి వేలాడదీసి వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు. తెల్లారి చూస్తే ఒక్కోసారి కొర్రమీను, ఒక్కోసారి నీటిపాము. చీకట్లో తడిమి తీయకండి, టార్చిలైటు వేసి చూసి తీయండి. ఇంకో సంగతి. కొత్తగా వస్తున్న కార్బన్ గాలపు కర్రల్లోంచి కరెంటు పారుతుంది. పొలాల మీదుగా కరెంటు తీగలు వేలాడే చోట వాటిని ఎత్తి విసరడం ప్రాణాలతో చెలగాటం. తీగ కిందైతే తడి వెదురు కర్రనూ నమ్మరాదు.

ఆ ఎర్రగుంపు మీద గాలం వద్దు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ రోజు చేప తినాలన్నది మనలో చాలామందికి ఆనవాయితీ. సంతలో కొర్రమీను ధర ఆకాశంలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే వానలు మొదలై, కొర్రమీను గుడ్లు పెట్టే కాలం కూడా మొదలవుతుంది. కత్తికీ, పురిటికీ ఒకే ముహూర్తమన్నమాట.

గుడ్ల కాలంలో ఈ చేప చేసే కాపురం చూసి తీరాలి. ఆడా మగా జంటగా ఒడ్డు పక్కన లోతులేని నీళ్లలో కలుపును నోటితో, తోకతో పక్కకు నెట్టి పళ్లెమంత చోటు శుభ్రం చేసుకుంటాయి. అక్కడ పెట్టిన గుడ్లు లేత పసుపు రంగులో నీటి మీద తేలుతుంటాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. కాస్త పెరిగిన పిల్లలు నారింజ రంగులో, కుంకుమ చల్లినట్టుగా గుంపుగా తిరుగుతాయి. గాలి కోసం అన్నీ ఒక్కసారి పైకి లేస్తే ఆ చోటు అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతుంది. వాటి కింద అమ్మా నాన్నా కాపలా. పిల్లలు వేలెడంతై, ఎర్రరంగు పోయి, నల్లబడి చెదిరిపోయేదాకా ఆ కాపలా వదలవు. దగ్గరికొచ్చిన కప్పనైనా, పామునైనా, కాలు పెట్టిన మనిషినైనా తరుముతాయి.

గాలం వేసేవాడికి ఇది బంగారంలాంటి అవకాశం. వెతకాల్సిన పని లేదు. ఎర్రగుంపు కనపడితే దాని నడుమ ఎర వేస్తే చాలు, తల్లో తండ్రో దూకి కరుస్తుంది. ఆకలితో కాదు, పిల్లల మీదికొచ్చినదాన్ని తరమడానికి. అది పడ్డాక కాసేపటికే రెండోది కూడా అలాగే పడుతుంది. రెండూ సంచిలోకి పోయాక ఆ గుంపుకు దిక్కెవరు? జెల్లలు, పక్కెలు, నీటిపాములు, కొంగలు ఎగబడతాయి. ఒకటి రెండు రోజుల్లో అక్కడ ఒక్క పిల్లా కనపడదు. వేలల్లో పుట్టిన పిల్లల్లో నూటికి ఒకటి బతికి కిలో తూగినా ఎన్ని కిలోలు పోయినట్టు? ఒక్కపూట కూర కోసం మూడేళ్ల చేపను పోగొట్టుకుంటున్నాం.

దీన్ని నేరమని చెప్పి భయపెట్టే ఉద్దేశం మాకు లేదు. కట్ట మీద పోలీసును పెట్టి ఆపగలిగేదీ కాదు. కానీ కొన్ని ఊళ్లలో దేవుడి పేరు మీద మడుగుల్లో చేపలు పట్టకుండా వదిలేసే ఆచారం ఉంది. అలాగే కట్ట మీద కూర్చునే పదిమందీ మాట్లాడుకుని, ఎర్రగుంపు కనపడ్డ చోట అక్కడో పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకుంటే, అది చెదిరేదాకా ఆ మూల ఎవరూ గాలం వేయకుంటే చాలు. చెరువంతా మూసేయమని ఎవరూ అనడం లేదు. జంటలు ఒడ్డు వారన, లోతు తక్కువ చోటే గూడు పెడతాయి. ఆ కాలంలో లోతు నీళ్ల వైపు, వాలుగకో జెల్లకో వేసుకోవచ్చు. ఒకవేళ పొరపాటున పడ్డా, ముల్లు జాగ్రత్తగా తీసి అక్కడే వదిలేస్తే మళ్లీ పిల్లల దగ్గరికి చేరే అవకాశముంది. పిల్లలు వేలెడంత సైజు దాటాక కాపలా దానంతటదే ముగుస్తుంది. అప్పుడు పట్టుకోండి, ఎవరొద్దన్నారు?

చేప తగ్గడానికి గాలం ఒక్కటే కారణం కాదు, ఆ మాటా చెప్పుకోవాలి. 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి దేశంలోకి వచ్చిన పుండ్ల వ్యాధి కొర్రమీనును బాగా దెబ్బతీసింది. ఒక రకం బూజు దీనికి మూలం. చలికాలంలో ఒంటి మీద ఎర్రమచ్చలు లేచి పుండ్లవుతాయి. అలాంటి చేప గాలానికి పడితే దాన్ని మరో కుంటలో వేయవద్దు, పూడ్చిపెట్టండి. వేసవిలో మిగిలిన మడుగులను ఇంజన్లు పెట్టి తోడి, బురద దేవి చివరి చేపదాకా పట్టడం ఇంకో దెబ్బ. వానొచ్చాక గుడ్లు పెట్టాల్సింది ఆ బురదలో దాక్కున్నవే కదా. మందుపాతర పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. కరెంటు తీగలు నీళ్లలో వేసి పట్టబోయి చేపలతో పాటు మనుషులు చచ్చిన వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం.

పొలంలో, కుంటలో

వరిమడుల్లో, బోదెల్లో కొర్రమీను, మట్టగిడసలు ఊరికే దొరికే రోజులు పెద్దవాళ్లకు గుర్తే. నీళ్లు మడిలో నిలిచే చోట ఇప్పటికీ వస్తాయి, మనం రానిస్తే. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. చేపలకు అది మహావిషం. అది పోయినా సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చేపలను తక్కువ మోతాదులోనే చంపుతాయి. మందు కొట్టిన మడి నీటిని వెంటనే బోదెలోకి వదలకండి. అన్నిటికన్నా ముఖ్యం, స్ప్రేయరును కాలువలో, కుంటలో కడగకండి. ఒక్క డబ్బా కడిగిన నీళ్లు చాలు, చిన్న కుంటలో చేపలన్నీ తేలడానికి.

సొంత నీటికుంట ఉన్నవాళ్లకు కొర్రమీను దొంగా అవుతుంది, దొరా అవుతుంది. బొచ్చె, రోహు పిల్లలు వదలబోతుంటే ముందు దీన్ని వదిలించుకోవాలి, లేకుంటే వేలెడు పిల్లలన్నిటినీ ఫలహారం చేస్తుంది. ఇందుకు మత్స్యశాఖ వారు హెక్టారుకు 2,500 కిలోల ఇప్పపిండి సిఫారసు చేస్తారు. పది సెంట్ల కుంటకు సుమారు 100 కిలోలు. ఆ ఖర్చు పెట్టే ముందు నాలుగు రోజులు గాలాలు వేయించండి. పెద్ద చేపలు కూరకో, సంతకో పోతాయి. మిగిలినవాటికే పిండి. పెంచే చేపలు అరకిలో దాటాక మాత్రం నాలుగైదు కొర్రమీనులున్నా నష్టం లేదు, పైగా లాభం. మేతను కాజేసే జిలేబీ పిల్లలను, పక్కెలను అవి సర్దేస్తాయి.

కొర్రమీనునే పెంచుదామనుకునేవాళ్లు తొందరపడకండి. ఇది సాటి పిల్లలనే మింగే చేప. సైజుల వారీగా ఎప్పటికప్పుడు వేరుచేయాలి, గట్టు చుట్టూ వల కంచె కట్టాలి, లేకుంటే వానరాత్రి పెట్టుబడి మొత్తం పాక్కుంటూ పక్క పొలానికి పోతుంది. విత్తనం కోసం చెరువులోని ఎర్రగుంపులను గుడ్డతో దేవి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి, వాటిలో సగం దారిలోనే పోతాయి. కృత్రిమంగా పిల్లలు పుట్టించే హేచరీలు ఇప్పుడున్నాయి. మీ మండల మత్స్యశాఖ ఉద్యోగిని అడిగి వెళ్లండి.

బతికించి తేవడం ఎలా?

గాలానికి పడ్డ కొర్రమీనును చాలామంది సంచిలో వేసి, మూతి కట్టి, నీళ్లలో పూర్తిగా ముంచి గట్టుకు కడతారు. బతికుంటుందని వాళ్ల ఆశ. జరిగేది తిరగబడి. పైకొచ్చి గాలి మింగే వీలు లేకపోతే కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. బిందెలోనో బకెట్టులోనో బెత్తెడు నీళ్లు పోసి, పైన గాలికి చోటు వదిలి, తడిపిన గోనెపట్టా కప్పి తాడుతో బిగించండి. ఎగిరే చేప, బిగించకపోతే సైకిలు మీంచి దూకేస్తుంది. ఎండలో పెట్టకండి, దారిలో ఒకసారి పట్టా తడపండి. సంతకు చేరాక నీళ్లు మార్చండి. ఇంటికైతే కొయ్యడానికి ముందు బూడిద పట్టించి రుద్దండి, జిగురు పోయి చేతికి పట్టు దొరుకుతుంది. పులుసులో వేశాక గరిటె పెట్టి కలపొద్దు, గిన్నె పట్టుకుని తిప్పండి చాలు, ముక్క చెదరదు.